చోక్ ట్యూబ్ మరలకి ఏ గ్రీజు పెట్టాలన్నా?

కావలి కుర్రోడు:
అన్నలూ ఒక డౌటు. నాది 12 బోర్ ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుండే షాట్‌గన్), ట్రాప్ ప్రాక్టీసుకి, అదే గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కాల్చే ఆటకి, అప్పుడప్పుడు హైదరాబాద్ పోతుంటా, మిగతా రోజులన్నీ గన్ను బీరువాలోనే. మాది సముద్రం పక్క ఊరు, కార్తీకంలో వానలు పట్టుకున్నాయంటే గాలంతా ఉప్పు తేమే, చోక్ ట్యూబులు (గుళ్లు ఎంత విచ్చుకోవాలో చూసేదానికి గొట్టం మూతిలో మరతో బిగించేవి) తిప్పబోతే గట్టిగా పట్టేస్తుండాయి. ఇప్పటిదాకా కుట్టుమిషన్ నూనె రాస్తుండా. ఒకాయన డబ్ల్యూడీ-40 కొట్టు చాలంటాడు, ఒకాయన బేరింగ్ గ్రీజంటాడు, మెకానిక్ ఏమో యాంటీ సీజ్ అంటాడు. ఏది పెట్టాల?

పెన్నా ఒడ్డు:
యాంటీ సీజే పెట్టు తమ్ముడా, ఇంకేం ఆలోచించబాక. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన, బ్యారెల్ వేడెక్కేకొద్దీ జారిపోద్ది, మిగిలింది మసితో కలిసి జిగురైపోద్ది. డబ్ల్యూడీ-40 తేమని తరమడానికి మంచిదే గానీ మరల మధ్య నెలల తరబడి నిలబడేది కాదు. యాంటీ సీజ్‌లో రాగి, నికెల్, గ్రాఫైట్ లాంటి పొడి గ్రీజులో కలిపి ఉంటది, గ్రీజు ఆరిపోయినా ఆ పొడి పొరలా మిగిలి ఉక్కుకి ఉక్కు తగలకుండా చూస్తది. రాగి రకం డబ్బా మీద 980 డిగ్రీల దాకా అని కూడా రాసుంటది, దాన్ని బట్టి కొనబాక, చోక్ దగ్గర అంత వేడి రానేరాదు, మనకి కావాల్సింది ఆ పొర. స్టెయిన్‌లెస్ ట్యూబులైతే నికెల్ రకం తీసుకో. బియ్యపు గింజంత చాలు, మర చుట్టూ పల్చగా పూసి ఎక్కువైంది తుడిచెయ్.

ఒంగోలు ట్రాప్:
యాంటీ సీజ్ మంచిదే కానీ చేతికి, బట్టలకి అంటుకుంటే ఒక పట్టాన వదలదు, చోక్ మాటిమాటికీ మార్చేవాళ్లకి విసుగు. మాలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజైనా, మామూలు లిథియం గ్రీజైనా సరిపోద్ది, కాకపోతే కాల్చొచ్చిన ప్రతిసారీ ట్యూబు ఊడదీసి తుడవాల్సిందే. నా లెక్కలో ఏ గ్రీజు అన్నదానికంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే మసి, తూటాలో గుళ్లని పట్టుకునే ప్లాస్టిక్ కప్పు (వ్యాడ్) అరిగి రాలిన తుక్కు ట్యూబు వెనక సందులోకి దూరి గట్టిపడతాయి, దాని మీద ఎంత ఖరీదైన గ్రీజు పూసినా దండగే. ట్యూబు మరలకీ, బ్యారెల్ లోపలి మరలకీ బ్రష్ కొట్టి, ఆరాక కొత్తగా పూయండి. ఇంకోటి, గ్రీజు పెట్టిన ట్యూబు కాలుస్తుంటే వదులవుద్ది, 25 పక్షుల (మట్టి బిళ్లల్నే అట్లంటాం) రౌండు అయిపోగానే గన్ను ఖాళీ చేసి బిగువు చూసుకోండి.

కావలి కుర్రోడు:
థాంక్సన్నా. కింద బ్యారెల్‌లోది మాత్రం అస్సలు కదలట్లా. రెంచి పెట్టి సుత్తితో నాలుగు తట్టమంటారా?

పెన్నా ఒడ్డు:
వద్దొద్దు, సుత్తి దగ్గరికి కూడా రానీబాక. చోక్ ఉండే చోట బ్యారెల్ గోడ పల్చగా ఉంటది, సొట్టపడితే గన్ను పోయినట్టే. ముందు గన్ను తెరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనా చూసుకో, బ్యారెల్ విప్పి మూతి కిందకి పెట్టి తుప్పు వదిలించే నూనెలో రాత్రంతా ఉంచు. పొద్దున సరిపోయే రెంచితో నిదానంగా తిప్పు. రాకపోతే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే తీసుకుపో, లేత్ షాపులో ఇవ్వబాక, 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకి కూడా లైసెన్సుండాల. ట్యూబు వచ్చేసినా, ట్యూబు లేకుండా ఉత్త మరలతో మాత్రం కాల్చబాక, మరలు పాడైపోతాయి.