హీరోక్వెస్ట్‌లో గోబ్లిన్లు చాలడం లేదు, ఓర్క్ బొమ్మకు ఏ గుర్తు పెట్టాలి?

మా దగ్గరున్నది హీరోక్వెస్ట్ అనే బోర్డు ఆట, 1989 నాటి సెట్. అందులో రాక్షసుల బొమ్మల్లో గోబ్లిన్లు 6, ఓర్క్‌లు 8. మేం రాసుకున్న క్వెస్ట్‌లో (అంటే ఆడే సాహసకథలో) ఒకేసారి 9 గోబ్లిన్లు కావాలి, అందుకే మిగతా మూడింటికి ఓర్క్ బొమ్మలు పెడుతున్నాం. చిక్కల్లా అంకెల దగ్గరే. గోబ్లిన్ 10 గళ్లు నడుస్తుంది, దాడికి 2 పాచికలు, కాపుకు 1. ఓర్క్‌కు 8, 3, 2. నాలుగో రౌండ్‌కల్లా ఏది ఏదో మరిచిపోయి తప్పు పాచికలు వేస్తున్నాం.

రాణిగంజ్‌లో కొన్న వాషర్‌ను బేస్ కింద అతికిస్తే గడి దాటి పక్క బొమ్మను నెడుతోంది. రబ్బరు బ్యాండ్ జారిపోతోంది. పెళ్లిపత్రిక అట్టతో చేసిన బొమ్మలు చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి, కానీ ఫ్యాన్ 2లో ఉన్నా పడిపోతున్నాయి. పాత బొమ్మలు కదా, రంగు వేయడానికి మనసొప్పడం లేదు.

గడి దాటకుండా, ఎదురుగా కూర్చున్నవాళ్లకూ కనిపించేలా, తర్వాత మరక లేకుండా ఊడివచ్చే గుర్తు బేస్‌కు దేనితో పెట్టాలి?