శ్రీలంక స్కూల్ ట్రిప్‌లో ఏం చూపించాలి?

సోషల్ టీచర్, ఎంవీపీ కాలనీ:
మా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఐదు రోజులు శ్రీలంక తీసుకెళ్తున్నామండి. ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో రోజుకు నాలుగు ఊళ్లు, మధ్యలో షాపింగ్. పిల్లలకు చరిత్ర బుర్రకెక్కాలంటే ఏవి ఉంచాలి?

భీమిలి మాస్టారు:
సిగిరియా, పాత రాజధాని పొలన్నరువా, బుద్ధుడి దంతం ఉన్న గుడి కోసం కాండీ, ఈ మూడూ చాలు టీచర్ గారూ. సిగిరియా 5వ శతాబ్దంలో కశ్యపుడు కట్టించిన కొండకోట, పైకి దాదాపు 1,200 మెట్లు, అందుకే పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండాలి, ఎండెక్కితే పిల్లలు సగంలోనే కూలబడతారు. పొలన్నరువాలో గల్ విహార, అంటే బండరాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాలున్న చోటు, మాత్రం వదలొద్దు. పడుకున్న బుద్ధుడి తల కింద దిండు, బరువుకు నొక్కుకుపోయినట్టే రాతిలో చెక్కారు, ఎంత పనితనమో! అక్కడే ఓ అరగంట కూర్చోబెట్టి బొమ్మ గీయించండి.

గాజువాక అమ్మ:
గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుండాలి, చెప్పులు బయటే విడవాలి. మధ్యాహ్నం రాళ్లు కాలిపోతాయి, సాక్స్ పెట్టించండి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే అక్కడ పెద్ద తప్పు, ఇది పిల్లలకు గట్టిగా చెప్పాలి.

మధురవాడ పేరెంట్:
మేడమ్, బయల్దేరే ముందు ఒక ఆదివారం తొట్లకొండ, బావికొండ తిప్పండి. మన విశాఖలోనే రెండువేల ఏళ్లనాటి బౌద్ధ విహారాలున్నాయి కదా, స్తూపం అంటే ఏంటో, భిక్షువుల గదులు ఎంత చిన్నవో ఇక్కడే చూస్తే అక్కడ గైడ్ చెప్పేది వెంటనే అర్థమవుతుంది, ప్రశ్నలు కూడా అడుగుతారు.

సోషల్ టీచర్:
చాలా థ్యాంక్స్ అండి. షాపింగ్ తీసేసి పొలన్నరువాకి పూర్తి రోజు ఇమ్మని రేపే ఏజెంట్‌కి చెప్తాను.