సాంటా మోనికా ఎయిర్‌పోర్ట్‌ని నిజంగానే మూసేస్తారా? పాత సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

సాయంత్రం_నడక:
అందరికీ నమస్కారం. మేం లాస్ ఏంజిలస్ వచ్చి ఏడాదైంది, ఇంటి నుంచి సాంటా మోనికా ఎయిర్‌పోర్ట్‌కి నడిచి వెళ్లొచ్చు. సాయంత్రాలు బాబుని ఎత్తుకుని కంచె పక్కన నిలబడితే చిన్న చిన్న విమానాలు లేచి సముద్రం వైపు వెళ్లిపోతుంటాయి. అక్కడే బయట ఒక పాత డీసీ-3 విమానాన్ని నిలబెట్టారు, తోక కిందికి, ముక్కు పైకి పెట్టి ఇప్పుడే ఎగురుతానన్నట్టు ఉంటుంది. దాని ఫొటో ఇంటికి పంపితే నాన్న వెంటనే ఫోన్ చేసి "అది మా డకోటా రా!" అన్నారు. ఆయన ఎయిర్ ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేశారు. అది తయారైన చోటు ఇదేనా, ఆ ఫ్యాక్టరీ ఏమైంది, 2028 తర్వాత ఎయిర్‌పోర్టే ఉండదంటున్నారు, ఎందుకు?

పాత_రెక్కలు:
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. డకోటా అంటే డీసీ-3 సైనిక రూపమే. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైనికుల్ని దింపినవి అవే. మొట్టమొదటి డీసీ-3 ఎగిరింది ఇక్కడే, 1935 డిసెంబర్ 17న. అప్పట్లో దీన్ని క్లోవర్ ఫీల్డ్ అనేవాళ్లు. అంతకంటే ముందు, 1924లో, ప్రపంచాన్ని చుట్టి రావడానికి, డీసీ-3ని తయారుచేసిన డగ్లస్ కంపెనీయే కట్టిన నాలుగు విమానాలు ఇక్కడి నుంచే సియాటిల్ వెళ్లి అక్కడ అసలు ప్రయాణం మొదలుపెట్టాయి, చివరిదాకా వెళ్లినవి రెండే. దారిలో కలకత్తాలో ఆగి, నీళ్ల మీద దిగే ఫ్లోట్లు ఊడదీసి చక్రాలు బిగించుకున్నాయి.

నాకు బాగా ఇష్టమైన సంగతి మాత్రం రెండో ప్రపంచ యుద్ధకాలం నాటిది. జపాన్ విమానాలు వస్తాయన్న భయంతో ఫ్యాక్టరీ మొత్తం మీద కోళ్ల గూళ్లకు వాడే వైర్ మెష్ పరిచి, దాని మీద ఉత్తుత్తి ఇళ్లు, చెట్లు పెట్టారు. పైనుంచి చూస్తే మామూలు కాలనీలా కనపడేది, కింద మాత్రం షిఫ్టుల మీద షిఫ్టులు విమానాలు తయారయ్యేవి.

దక్షిణం_గాలి:
ఫ్యాక్టరీ ఏమైందంటే, జెట్లు వచ్చాయి. డీసీ-8 అనే జెట్ కట్టడానికి డగ్లస్‌వాళ్లు పొడవైన రన్‌వే కావాలన్నారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు, దాంతో ఆ పని లాంగ్ బీచ్‌కి పోయింది. ఇక్కడి ప్లాంట్ 1975లో మూతపడింది. బాధేమిటంటే పక్కనున్న సన్‌సెట్ పార్క్ అనే పేటలో ఇళ్లు చాలావరకు వచ్చిందే ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల కోసం.

ఆ తర్వాతంతా విమానాల మోత వద్దు, మూసేయాలనే నగరానికీ, ఒప్పుకోని ఎఫ్ఏఏకీ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) కోర్టు గొడవలే. 2017లో రాజీ కుదిరింది: 2028 డిసెంబర్ 31 వరకు ఎయిర్‌పోర్ట్ నడపాలి, ఆ తర్వాత మూసే హక్కు నగరానిది. అదే ఏడాది 4,973 అడుగుల రన్‌వేని 3,500కి తగ్గించారు. సెస్నా లాంటి చిన్న విమానానికి అది ధారాళంగా సరిపోతుంది, పెద్ద బిజినెస్ జెట్లకి చాలదు. మూసేస్తే ఆ స్థలంలో పార్కులు, ఆటస్థలాల్లాంటివే రావాలని, ఇంకేం కట్టాలన్నా జనం ఓటు కావాలని 2014లోనే ఓటేసి పెట్టుకున్నారు.

కంచె_పక్కన:
అన్నా, ఎయిర్‌పోర్ట్ ఉందని తెలిసే కదా పక్కన ఇళ్లు కొనుక్కున్నారు? ఇప్పుడు మోత అంటే ఎలా? పైలట్ ట్రైనింగ్ తీసుకునే పిల్లలు ఎక్కడికి పోవాలి? ఒకసారి రన్‌వే తవ్వేస్తే మళ్లీ ఈ ఊళ్లో ఇంకోటి కట్టగలరా? రేపు కరెంటుతో నడిచే విమానాలొస్తే దిగడానికి ఊరి మధ్యలో ఇలాంటి చోటే కావాలి.

దక్షిణం_గాలి:
తమ్ముడూ, మోత ఒక్కటే అయితే నేనూ నీ వైపే. పిస్టన్ ఇంజిన్ విమానాల్లో పోసే 100ఎల్ఎల్ పెట్రోల్‌లో ఇప్పటికీ సీసం ఉంటుంది. కార్ల పెట్రోల్‌లోంచి తీసేసి దశాబ్దాలైనా ఇందులో మిగిలిపోయింది. దానివల్ల ఆరోగ్యానికి ముప్పుందని 2023లో అమెరికా పర్యావరణ సంస్థే తేల్చింది. సీసం పిల్లల మెదడుకి చేటు. ఇళ్లేమో రన్‌వే చివర్ల నుంచి వందల అడుగుల దూరంలోనే ఉన్నాయి. కరెంటు విమానాల మాట ఒప్పుకుంటాను, కానీ అవి వచ్చేదాకా ఆ గాలి పీల్చేది పక్కింటి పిల్లలే కదా.

పాత_రెక్కలు:
ఇద్దరి మాటలోనూ నిజముంది. నా మట్టుకు నాకు పార్కు వచ్చినా బాధలేదు గానీ, రన్‌వే గీతనైనా అలాగే ఉంచి నడకదారి చేయాలి. బెర్లిన్‌లో టెంపెల్‌హాఫ్ 2008లో మూతపడ్డాక రన్‌వేలు తవ్వలేదు, ఇప్పుడు వాటి మీద జనం సైకిళ్లు తొక్కుతున్నారు, గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఇక్కడ ఒట్టి గడ్డి పరిచి చిన్న బోర్డు పెట్టి వదిలేస్తారేమోనని నా భయం.

సాయంత్రం_నడక:
అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. కలకత్తాలో చక్రాలు బిగించిన సంగతి దగ్గర ఆపి, ఎవరు బిగించారు, ఎన్ని రోజులు పట్టిందని అడిగారు. ఆయనకి వీసా ఉంది, ఈ వేసవికే టికెట్ బుక్ చేస్తున్నాను. డీసీ-3 ఇంజిన్ కింద నిలబెట్టి ఫొటో తీసి ఇక్కడే పెడతాను.