ఆరు వేల సీట్ల ఇండోర్ స్టేడియం పెద్ద టోర్నమెంట్లకు సరిపోతుందా?

ప్రశ్న

మధ్యతరహా నగరాల్లో కట్టే ఇండోర్ స్టేడియాల విషయంలో నాకు చాలాకాలంగా ఒక సందేహం ఉంది. ఆరేడు వేల సీట్లతో స్టేడియం సిద్ధం కాగానే ఇక ప్రపంచస్థాయి పోటీలన్నీ ఇక్కడికే వస్తాయని అంటారు. కొన్నేళ్లు గడిచాక అదే స్టేడియాన్ని చూపించి, ఇది చిన్నది కాబట్టే ఎవరూ రావడం లేదని అంటారు. ఈ రెండు మాటల్లో ఏది నిజం? బ్యాడ్మింటన్, వాలీబాల్, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో ఒక పెద్ద టోర్నమెంటును అప్పగించే ముందు అంతర్జాతీయ సమాఖ్యలు నిజంగా చూసేది సీట్ల సంఖ్యనేనా? పోటీల నిర్వహణలో అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి సమాధానం

నేను చాలా ఏళ్లుగా బ్యాడ్మింటన్ పోటీల్లో సాంకేతిక అధికారిగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ ఆటకు సంబంధించినంతవరకు గట్టిగా చెప్పగలను: నగరం చిన్నదైనంత మాత్రాన ప్రపంచ పోటీలు ఆగిపోలేదు. 2019లో పి.వి. సింధు జపాన్ క్రీడాకారిణి ఒకుహారాను 21–7, 21–7 తేడాతో ఓడించి ప్రపంచ చాంపియన్ అయినది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో. 2021లో కిడాంబి శ్రీకాంత్ ఫైనల్ ఆడి రజతం గెలిచినది స్పెయిన్‌లోని హుయెల్వాలో. ఈ రెండు నగరాల్లో ఏ ఒక్కదాని జనాభా కూడా రెండు లక్షలు ఉండదు.

అయితే స్టేడియంలోకి అడుగుపెట్టగానే మేము ముందుగా తలెత్తి పైకప్పు చూస్తాం. ప్రపంచ పోటీలకు కోర్టు మీద 12 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండకూడదు. కప్పు ఎంత ఎత్తున ఉన్నా, దాని కింద వేలాడే దీపాల చట్రమో, గాలి గొట్టమో, స్కోరు బోర్డో ఆ ఎత్తులోకి దిగిందంటే లెక్క తప్పినట్లే. వాలీబాల్‌లో ప్రపంచ పోటీలకు ఇది 12.5 మీటర్లు. బాస్కెట్‌బాల్‌కు 7 మీటర్లు చాలు కనుక, ఆ ఒక్క ఆటనే మనసులో పెట్టుకుని కట్టిన భవనం ఎన్ని వేల సీట్లున్నా బ్యాడ్మింటన్‌కు పనికిరాకుండా పోవచ్చు. సీట్లను తర్వాతైనా పెంచుకోవచ్చు గాని, ఒకసారి వేసిన కప్పును ఎత్తడం దాదాపు అసాధ్యం.

రెండవది గాలి. షటిల్ బరువు 5 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. దాని వేగాన్ని పరీక్షించే పద్ధతి ఏమిటంటే, ఆటగాడు వెనుక గీత దగ్గర నిలబడి కింది నుంచి పైకి పూర్తి బలంతో కొడతాడు. అది అవతలి వెనుక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపలివైపు పడితే వేగం సరిగ్గా ఉన్నట్లు. ఒక కొత్త స్టేడియంలో పోటీలకు ముందురోజు సాయంత్రం ఈ పరీక్ష చేస్తున్నప్పుడు, ఒకవైపు నుంచి కొట్టిన షటిల్ గీత దాటి పడింది, అదే డబ్బాలోంచి తీసిన మరో షటిల్‌ను రెండోవైపు నుంచి కొడితే గీతకు మీటరున్నర ముందే కూలిపోయింది. ఏసీని ఆపించి చూశాం, తేడా సగమే తగ్గింది. ఇంతలో పై గ్యాలరీ తలుపును ఎవరో మూశారు. ఆ తర్వాత కొట్టిన షటిల్ సరిగ్గా హద్దులో పడింది. ఆ తలుపు నేరుగా బయటికి తెరుచుకుంటుంది, మధ్యలో రెండో తలుపు లేదు. ఆట మొదలయ్యాక జనం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటారు కనుక, వారం రోజులపాటు ఆ తలుపు దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టాల్సి వచ్చింది. ప్రతి ద్వారానికి రెండు వరుసల తలుపులు పెట్టడం కట్టేటప్పుడు చాలా చిన్న ఖర్చు. ఆ స్టేడియం గ్యాలరీలో మాత్రం ఖరీదైన కుర్చీలున్నాయి.

రెండవ సమాధానం

పై సభ్యులు చెప్పినవన్నీ అంగీకరిస్తూనే, సీట్ల ప్రాధాన్యాన్ని మరీ తగ్గించకూడదని నా అభిప్రాయం. హ్యాండ్‌బాల్‌నే తీసుకోండి. 2024 జనవరిలో జర్మనీ తన దేశంలో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్ తొలి మ్యాచ్‌ను డ్యూసెల్‌డార్ఫ్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఏర్పాటు చేస్తే 53,586 మంది వచ్చారు. అటువంటి ఆదరణ ఉన్నచోట ఆరు వేల సీట్లతో ఫైనల్ అడగడం సాధ్యం కాదు. టికెట్ల ఆదాయం మీదే నిర్వాహకుల బడ్జెట్ చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కాని ఒక పెద్ద టోర్నమెంటు మొత్తాన్ని ఒకే నగరం మోయాలన్న నియమం లేదు. 2023 మహిళల ప్రపంచ హ్యాండ్‌బాల్ పోటీలను డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి నిర్వహించినప్పుడు, 32 జట్ల మ్యాచ్‌లను ఆరు నగరాలకు పంచారు. వాటిలో ఫ్రెడరిక్స్‌హాన్ వంటి చాలా చిన్న రేవుపట్నం కూడా ఉంది. ఫైనల్ జరిగినది డెన్మార్క్‌లోని హెర్నింగ్‌లో. ఈ హెర్నింగ్ జనాభా దాదాపు 50 వేలే అయినా, 2010లో ప్రారంభమైన అక్కడి అరీనాలో పది వేలకు పైగా జనం పడతారు. 2015 మహిళల ప్రపంచ పోటీల ఫైనల్, 2019 పురుషుల ప్రపంచ పోటీల ఫైనల్ కూడా అక్కడే జరిగాయి, 2018లో కోపెన్‌హాగెన్‌తో కలిసి ఐస్ హాకీ ప్రపంచ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. ఆ అరీనా పెద్ద ఎగ్జిబిషన్ హాళ్లను ఆనుకుని ఉంది. నా దృష్టిలో దాని బలంలో సగం ఆ పొరుగుదే, ఎందుకంటే ప్రాక్టీసుకు, విలేఖరులకు, టెలివిజన్ వాహనాలకు కావలసిన చోటు పక్కనే దొరుకుతుంది.

కాబట్టి ఆరు వేల సీట్లున్న నగరం గ్రూపు మ్యాచ్‌లను అడగాలి, ఫైనల్ కాదు. అది చిన్నతనమేమీ కాదు.

మూడవ సమాధానం

ఒక చిన్న చేర్పు. ఆరు వేల సీట్లు అన్నప్పుడు ఏ ఆటకు ఆరు వేలు అని అడగండి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. హ్యాండ్‌బాల్ కోర్టు 40 మీటర్లు, 20 మీటర్లు. బాస్కెట్‌బాల్‌కు దగ్గరగా లాగిన మడత గ్యాలరీని హ్యాండ్‌బాల్ కోసం వెనక్కి నెట్టేస్తే, ప్రేక్షకులు ఎక్కువగా ఇష్టపడే కింది వరుసలే మాయమవుతాయి. దానిపైన కెమెరా వేదికలకు, వ్యాఖ్యాతల బల్లలకు మరికొన్ని సీట్లు తీసేయాలి. కాగితం మీది సంఖ్యకూ అమ్మగల టికెట్లకూ మధ్య తేడా ఎప్పుడూ ఉంటుంది. బ్యాడ్మింటన్‌లో ఈ ఇబ్బంది తక్కువ: 6.1 మీటర్ల వెడల్పు గల నాలుగు కోర్టులను మధ్యలోనూ చివరలోనూ రెండేసి మీటర్లు వదిలి పక్కపక్కన వేసినా 34.4 మీటర్లే అవుతుంది, అంటే హ్యాండ్‌బాల్ నేల మీద ఇమిడిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి అడుగుతాను. ఇప్పటికే ఆరు వేల సీట్ల స్టేడియం ఉండి, కప్పు ఎత్తు సరిపోయి, కొంత నిధి చేతిలో ఉంటే, పైన మరో మూడు వేల సీట్ల అంతస్తు కట్టడం మంచిదా, లేక పక్కన ఇంకేదైనా కట్టడం మంచిదా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

నన్ను అడిగితే ముందు పక్కన రెండో హాలు కట్టమంటాను. పురుషుల సింగిల్స్‌లోనే 64 మంది ఉండే ప్రపంచ పోటీల్లో, అయిదు విభాగాల ఆటగాళ్లు, వారి కోచ్‌లు అందరూ ప్రతిరోజూ ప్రాక్టీసు కోసం చోటు వెతుకుతారు. ప్రధాన హాలులో తెల్లవారితే మ్యాచ్‌లే ఉంటాయి. రెండో హాలు ఊరికి అవతలి చివర ఉందనుకోండి, మ్యాచ్‌కు గంట ముందు ఒళ్లు వేడెక్కించుకున్న ఆటగాడు బస్సులో కూర్చుని చల్లబడి వస్తాడు. ఆ తేడా మొదటి గేములోనే కనిపిస్తుంది. నాలుగు కోర్టులు, అదే దీపాల వెలుతురు, ప్రధాన హాలులో పరిచే మ్యాట్‌ల వంటివే మ్యాట్‌లు, రెండు హాళ్ల మధ్య కప్పు ఉన్న దారి ఉంటే చాలు, ప్రేక్షకుల సీట్లు ఒక్కటి కూడా అక్కర్లేదు. పోటీలు లేని రోజుల్లో పిల్లల శిక్షణ ఆ చిన్న హాలులోనే జరుగుతుంది కనుక అది ఖాళీగా ఉండదు. పై అంతస్తు సీట్లు మాత్రం ఏడాదిలో ఎన్నిసార్లు నిండుతాయో ముందే లెక్క వేసుకోవాలి. గడిచిన రెండు మూడేళ్లలో ఉన్న ఆరు వేల సీట్లకు టికెట్లు దొరక్క జనం వెనుదిరిగిన రోజులు ఎన్నో స్టేడియం కార్యాలయం దగ్గర తెలుస్తుంది, ఆ సంఖ్య చేతికి వచ్చాకే పై అంతస్తు మాట ఎత్తండి.