చియు జిన్ మీద తొంభై వేలలో డాక్యుమెంటరీ తీయాలి, దారి చెప్పండి

హాంగ్‌జౌ డాక్టర్:

అందరికీ నమస్కారం. నేను చైనాలో హాంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివి వచ్చాను. ఆదివారాలు పశ్చిమ సరస్సు గట్టున నడుస్తుంటే షీలింగ్ వంతెన దగ్గర ఒక తెల్ల రాతి విగ్రహం కనిపించేది. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి కత్తి మీద ఉంచి సరస్సు వైపు చూస్తూ నిలబడిన ఆవిడ. ఆవిడ పేరు చియు జిన్ అని, ఆడవాళ్ల చదువు కోసం, మంచూ రాజుల పాలన పోవడం కోసం పోరాడిందని, 1907 జులై 15న షావ్‌షింగ్‌లో నడివీధిలో తల నరికారని నాకు తెలిసేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచీ ఆవిడ గురించి తెలుగులో ఒక అరగంట డాక్యుమెంటరీ తీయాలని కోరిక.

నా దగ్గర 90 వేలు ఉన్నాయి. మంచి ఫోన్, ట్రైపాడ్ ఉన్నాయి. మళ్లీ చైనా వెళ్లే వీలు లేదు. చదువుకునే రోజుల్లో తీసుకున్న వీడియోలు ఓ గంటన్నర ఉంటాయి. వాటిలో విగ్రహం, వంతెన, వాన, సరస్సు ఉన్నాయి. ఆమె ఫొటోలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరికాయి. వాటితో అరగంట ఎలా నడపాలి? నటిని పెట్టి కత్తిసాము, అరెస్టు సీన్లు తీయమని స్నేహితులు అంటున్నారు. ఏఐతో ఆమె ఫొటోని మాట్లాడించమని ఇంకొకరి సలహా. రెండూ నాకు మనసొప్పడం లేదు. హక్కుల గొడవలు వస్తాయేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

కత్తెర బల్ల:

డాక్టరమ్మా, నేను పదిహేనేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఫొటోలు తక్కువని దిగులు పడకండి. పుట్టుక నుంచి చావు దాకా వరసగా చెప్పాలనుకుంటే మీ డబ్బు మొదటి పది నిమిషాలకే అయిపోతుంది. బీజింగ్ కాపురం చూపించాలి, టోక్యో చూపించాలి, తుపాకులు చూపించాలి. అవేవీ మీ దగ్గర లేవు. మీ దగ్గరున్నది సమాధి. మీరే నడిచిన చోటు, మీరే తీసిన వాన. కథ అక్కడే మొదలుపెట్టండి.

పైగా ఆ సమాధిదే పెద్ద కథ. ప్రభుత్వం చంపించిన మనిషికి అంత్యక్రియలు చేయడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అయినా ఇద్దరు స్నేహితురాళ్లు పూనుకున్నారు. ఒకరు షూ జీహ్వా, బడి నడిపిన కవయిత్రి. ఇంకొకరు వూ జీయింగ్, బీజింగ్‌లో చియు జిన్ పక్కింటావిడ, అక్షరాలు రాయడంలో పేరున్న మనిషి. 1908 మొదట్లో షీలింగ్ వంతెన దగ్గర సమాధి కట్టించారు. రాతి మీద అక్షరాలు వూ జీయింగ్ రాసింది. ఆ ఏడాదే సర్కారు ఆ సమాధిని తీసేయమని ఆజ్ఞ వేసింది. శవపేటిక షావ్‌షింగ్ వెళ్లింది, అక్కణ్నుంచి అత్తవారి వైపు హునాన్ వెళ్లింది, రాజరికం పోయాక మళ్లీ సరస్సు గట్టుకు వచ్చింది. 1964లో మళ్లీ కదిలించారు. ఇప్పుడు మీరు చూసిన చోటికి 1981లో చేరింది. ఒక్కో ప్రయాణానికి ఒక్కో అధ్యాయం పెట్టుకుని, ఆ సందులో ఆమె బతుకు చెప్పండి. హునాన్ అధ్యాయంలో 1896 నాటి పెళ్లి, ఇద్దరు పిల్లలు వస్తారు. షావ్‌షింగ్ అధ్యాయంలో ఆమె నడిపిన దాతుంగ్ బడి, అరెస్టు వస్తాయి. ఖర్చల్లా ఒక మ్యాప్ మీద కదిలే గీత.

ఒక సంగతి గట్టిగా చెబుతున్నా. ఏఐతో ఆమె నోరు కదిలించొద్దు. చూసేవాళ్లకి ఒక్కసారి అనుమానం తగిలితే మీరు చూపించే అసలు ఫొటోని కూడా నమ్మరు. రంగులు వేయించడం కూడా వద్దు, ఫొటోలో ఆమె వేసుకున్న కిమోనో ఏ రంగో ఎవరికి తెలుసు? ఆమె చనిపోయి నూరేళ్లు దాటింది కాబట్టి కవితలకు హక్కుల సమస్య లేదు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు, ఫొటోకైతే అచ్చయిన తర్వాత 60 ఏళ్లు. చిక్కల్లా అనువాదంతో వస్తుంది. ఈమధ్య వచ్చిన ఇంగ్లిష్ అనువాదం తీసుకుని తెలుగు చేస్తే ఆ అనువాదకుల అనుమతి కావాలి. చైనీస్ వచ్చినవాళ్లతో మూలం నుంచే చేయించుకోండి.

సిరాబుడ్డి:

చెల్లీ, నేను చైనీస్ నేర్పుతాను. అనువాదం నేను చేసిపెడతాను, డబ్బులు వద్దు. ముందు పేరు సరిచేసుకుందాం. ఇంగ్లిష్ అక్షరాలు చూసి వాయిస్ చెప్పేవాళ్లు ‘క్యూ జిన్’ అనేస్తారు. మొదటి అక్షరం ‘చ’కి దగ్గర. స్క్రిప్టులో ప్రతి పేరూ తెలుగులోనే రాసివ్వు, ఇంగ్లిష్‌లో ఇవ్వకు.

ఇక దృశ్యం గురించి. ఆమె ఇంటిపేరు ‘చియు’ అంటే శరత్తు. మరణానికి ముందు రాసిందని చెప్పే పంక్తిలో ఏడు అక్షరాలే ఉంటాయి: శరత్తు గాలి, శరత్తు వాన, మనిషిని చంపేసే దిగులు. అందులో శరత్తు అక్షరం రెండుసార్లు వస్తుంది. మూడోసారి దాక్కుని ఉంటుంది. చైనీస్‌లో దిగులు అనే అక్షరం ఎలా రాస్తారో తెలుసా? పైన శరత్తు, దాని కింద గుండె. అంటే ఆ పంక్తిలో ఆమె పేరు మూడుసార్లు ఉంది. ఒక కుంచె, సిరా, పల్చటి కాగితం తెచ్చుకుని పైనుంచి కెమెరా పెట్టు. ముందు శరత్తు రాయాలి, కాస్త ఆగాలి, కింద గుండె రాయాలి. ఆ ఒక్క నిమిషం ఇరవైమంది నటులు కూడా ఇవ్వలేరు. చెయ్యి నాది వాడుకో. అయితే ఆ పంక్తి అంతకుముందున్న ఒక కవిదని చెప్పే పరిశోధకులున్నారు. కాబట్టి ‘రాసిందని చెబుతారు’ అనే అను. పుట్టిన ఏడు కూడా కొన్నిచోట్ల 1875, కొన్నిచోట్ల 1877 కనిపిస్తుంది. ఒకటి వేసి, రెండోది చిన్న అక్షరాల్లో తెర మీద పెట్టు.

నటి గురించి అడిగావు. అద్దెకు దొరికే చైనా డ్రెస్సు అంటే ఒంటికి అతుక్కునే గౌను తెచ్చిస్తారు. అది 1920ల తర్వాతి షాంఘై ఫ్యాషన్, చియు జిన్ దాన్ని చూడనే లేదు. అంతకంటే పెద్ద సమస్య పాదాలు. ఆమెకు చిన్నప్పుడే పాదాలు కట్టేశారు. మామూలు పాదాలతో నటి పరుగెత్తితే ఆ సీను అబద్ధమైపోతుంది. 1904లో నగలమ్మి, మొగుణ్ని, పిల్లల్ని వదిలి జపాన్ ఓడెక్కినప్పుడు రాసిన కవితలో, పాదాల కట్లు విప్పి వెయ్యేళ్ల విషం కడిగేయాలని అంటుంది. ఆ మాట వినిపించేటప్పుడు ఏం చూపించాలో చెబుతాను. ఆ రోజుల్లో ‘మూడంగుళాల బంగారు కమలం’ అని పాదానికి ఒక కొలత ఉండేది. అవి చైనా అంగుళాలు, మన లెక్కలో సుమారు 10 సెంటీమీటర్లు. అంత పొడవు కాగితం కత్తిరించి, పెద్దామె పాదం పక్కన నేల మీద పెట్టి తీయి. ఆమె పాదం కచ్చితంగా అంతే అనకు, ఆదర్శంగా చెప్పుకున్న కొలత అని చెప్పు.

మగవాళ్ల సూటు, టోపీ వేసుకుని ఆమె దిగిన ఫొటో ఉంది కదా, మగ వేషంలోని తన ఫొటో మీద ఆమే ఒక కవిత రాసుకుంది. ఆ ఫొటోని మెల్లగా దగ్గరికి తెస్తూ ఆ కవిత మొత్తం చదివించు. మధ్యలో వ్యాఖ్యానం వద్దు.

హాంగ్‌జౌ డాక్టర్:

అక్కా, ఏం చెప్పాలో తెలియడం లేదు, చాలా థ్యాంక్స్. సార్, ఇంకో సందేహం. అప్పటి ఊళ్లు, వీధులు చూపించడానికి పాత ఫొటోలు ఎక్కడ తీసుకోవాలి? అరెస్టు నుంచి మరణం దాకా మూడు రోజుల కథని నటులు లేకుండా ఎలా చెప్పాలి?

కత్తెర బల్ల:

సిడ్నీ గ్యాంబుల్ అనే అమెరికన్ 1908 నుంచి 1932 దాకా చైనాలో తీసిన ఫొటోలు డ్యూక్ విశ్వవిద్యాలయం లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది. వేలల్లో ఉన్నాయి, హాంగ్‌జౌవి కూడా ఉన్నాయి. ఏది వాడినా ఆ పేజీలో రాసిన నిబంధన చదివి, కాపీ దాచుకోండి. అయితే అన్నీ ఆమె పోయిన తర్వాతివే. ఒక గుర్తు చెబుతాను, మగవాళ్ల తలలు చూడండి. మంచూ పాలనలో ముందు గుండు, వెనక జడ తప్పనిసరి. 1911 విప్లవంతో జడలు తెగిపోయాయి. ఫొటోలో అందరూ క్రాపుతో ఉంటే అది మీ కథాకాలానికి పనికిరాదు. ఒకే ఫొటోని నాలుగు ముక్కలుగా వాడుకోవచ్చు: ఒకసారి వీధంతా, ఒకసారి ఒక దుకాణం, ఒకసారి ఒక ముఖం. అందుకే పెద్ద సైజు ఫైలే దించుకోండి.

మూడు రోజుల కథకి తేదీలు చాలు. జులై 6న సహచరుడు షూ షీలిన్ ఆన్‌చింగ్‌లో గవర్నరు ఎన్‌మింగ్‌ని కాల్చాడు. తిరుగుబాటు పథకం బయటపడింది. 13న సైనికులు దాతుంగ్ బడిని చుట్టుముట్టారు. ముందే కబురు తెలిసినా ఆమె పారిపోలేదు. 15 తెల్లవారుజామున చంపేశారు. నల్ల తెర మీద ఒక్కో తేదీ, వెనక అడుగుల చప్పుడు, అంతే. లీ జోంగ్‌యుయె అనే కింది అధికారిని మాత్రం వదలొద్దు. ఆమెను విచారించింది ఆయనే. చంపేటప్పుడు బట్టలు తీయొద్దని, తల వేలాడదీయొద్దని ఆమె అడిగితే ఒప్పుకున్నాడు. అదే ఏడాది ఉరేసుకుని చనిపోయాడు. ప్రభుత్వం పక్షాన ఉన్న మనిషికే అన్నం సయించలేదంటే ఆ మరణం ఎలాంటిదో చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు విషయం. 90 వేలలో ముప్ఫై వేలు ధ్వనికే పక్కన పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. వాయిస్ చెప్పేవాళ్లకి, సంగీతానికి పాతిక వేలు. పాత చైనా రాగానికి హక్కులుండవు కానీ దాన్ని ఎవరో వాయించిన రికార్డింగుకి ఉంటాయి, అందుకే కొత్తగా వాయించుకోవాలి. లైటు, లెన్సు కృష్ణానగర్‌లో రెండు రోజులకి అద్దెకి తెచ్చుకుని, కుంచె, పాదం, కాగితాలు అన్నీ ఆ రెండు రోజుల్లోనే తీసేయండి. ఎడిటింగ్‌కి డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. మిగిలింది ముట్టుకోవద్దు, చివర్లో ఏదో ఒకటి తప్పకుండా పడుతుంది. 26 నిమిషాల సినిమాకి వ్యాఖ్యానం 1,500 మాటలు దాటనివ్వకండి.

ఇంకోటి. స్నేహితులెవరినీ టూరిస్టు వీసా మీద చైనా వెళ్లి షూటింగ్ చేయమని అడగకండి. దానికి వేరే వీసా, అనుమతులు ఉంటాయి. అక్కడే ఉంటున్నవాళ్లు తమ కిటికీలోంచి వాన చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపితే అదే పదివేలు.

సిరాబుడ్డి:

కూతురి గురించి ఒక్క నిమిషమైనా పెట్టు చెల్లీ. పేరు వాంగ్ త్సాన్‌జీ. 1901లో పుట్టింది, తల్లి జపాన్ వెళ్లేనాటికి పసిపిల్ల. పెద్దయ్యాక అమెరికా వెళ్లి విమానయానం చదివింది, తల్లి రచనలు తనే సేకరించి అచ్చు వేయించింది. ఆమె కట్టిన పుస్తకం లేకపోతే మనం ఈ మాటలు మాట్లాడుకునేవాళ్లమా?

హాంగ్‌జౌ డాక్టర్:

నిన్న రాత్రి కాగితం కత్తిరించి మా అమ్మ పాదం పక్కన పెట్టాను. అమ్మ కాసేపు చూసి, ‘ఇది పసిపిల్ల చెప్పు కొలతా?’ అంది. కాదు, పెళ్లయిన ఆడవాళ్లది అన్నాను. పాదం వెనక్కి లాగేసుకుంది. ఆ కదలిక కెమెరాలో పడింది. దాన్ని కూతురి అధ్యాయానికి ముందు పెడదామనుకుంటున్నా. అమ్మ మాట కూడా ఉంచాలని ఉంది, కానీ వెనక ఫ్యాను మోత బాగా వస్తోంది. తీసేయడానికి వీలవుతుందా సార్, లేక అమ్మతో మళ్లీ చెప్పించాలా?

కత్తెర బల్ల:

మళ్లీ చెప్పించకండి, ఆ గొంతు రెండోసారి రాదు. ఫైలు ఉన్నదున్నట్టు నాకు పంపండి, కుదించొద్దు. అదే గదిలో, అదే ఫ్యాను తిరుగుతుండగా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం విడిగా రికార్డు చేసి దాంతోపాటే పెట్టండి. మోతని దాన్నిబట్టే తగ్గిస్తాను.