8, 9 తరగతులకు ఇంగ్లిష్ పాడ్‌కాస్ట్: మన పిల్లలకు సరిపోతుందో లేదో ముందే తేల్చడం ఎలా?

జెడ్పీ_ఇంగ్లిష్:
నమస్కారం. తెలంగాణలో జిల్లా పరిషత్ హైస్కూల్, సెక్షన్‌కు 42 మంది. మిగతా సబ్జెక్టుల పుస్తకాలు ద్విభాషలో ఉన్నాయి కాబట్టి చదవడం ఎలాగో నెట్టుకొస్తారు, వినడం మాత్రం అలవాటు లేదు. వారానికి ఒక పీరియడ్, 45 నిమిషాలు ఇవ్వగలను. బడిలో నెట్‌ను నమ్ముకోలేం. వెతికితే ‘టాప్ 50’ జాబితాలే వస్తున్నాయి, ఎక్కువగా అమెరికా పిల్లల కోసం చేసినవి. ఎపిసోడ్ ఎంచుకునే పద్ధతి చెప్పండి. టీచర్లు వినదగినవి ఏమైనా ఉంటే అవి కూడా.

చెవిపాఠం:
సార్, ముందు ట్రాన్స్‌క్రిప్ట్ (ఆడియోలోని మాటలన్నీ రాసిన ప్రతి) ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత మంచి పాడ్‌కాస్ట్ అయినా తరగతికి పనికిరాదు. పిల్లలు ఎక్కడ తప్పిపోయారో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

తర్వాత నిడివి. ఒకే ఆడియోను మూడుసార్లు వినిపించాలి: మొదటిసారి విషయం దేని గురించో పట్టుకోవడానికి, రెండోసారి ప్రశ్నలకు జవాబులు రాసుకోవడానికి, మూడోసారి ట్రాన్స్‌క్రిప్ట్ చేతిలో పెట్టుకుని. 6 నిమిషాలదైతే 18 నిమిషాలు పోతాయి, ముందు చెప్పాల్సిన మాటలకు, తర్వాత చర్చకు 27 మిగులుతాయి. అరగంట ఎపిసోడ్ పెడితే ఒక్కసారి వినేసరికే పీరియడ్ అయిపోతుంది.

వేగానికి లెక్క తేలిక. ట్రాన్స్‌క్రిప్ట్‌లోని పదాల సంఖ్యను నిమిషాలతో భాగించండి. మామూలు ఇంగ్లిష్ సంభాషణ నిమిషానికి 150 పదాల దగ్గర నడుస్తుంది. వినడం కొత్త అయిన పిల్లలకు 110, 120తో మొదలుపెడితే మంచిది.

అసలు పరీక్ష మాటల దగ్గర. మొదటి 200 పదాలు ప్రింటు తీసి ఐదుగురికి ఇవ్వండి. ముందు బెంచీ వాళ్లకు కాదు, నడిమి రకం వాళ్లకు. తెలియని మాట కింద గీత గీయమనండి. ఒక్కో కాగితంలో 10 లోపు గీతలుంటే ధైర్యంగా వినిపించండి. 20 దాకా ఉంటే ముఖ్యమైన ఏడెనిమిది మాటలు ముందే బోర్డు మీద రాసి చెప్పాలి. అంతకు మించితే వదిలేయండి. చదివినా అర్థం కానిది వింటే అర్థం కాదు.

ఈ జల్లెడలో నిలిచేది బీబీసీ వాళ్ల ‘6 మినిట్ ఇంగ్లిష్’. మొదట్లో ఒక ప్రశ్న వేసి జవాబు చివర్లో చెబుతారు, కాబట్టి ఆగి పిల్లల చేత ఊహింపజేయవచ్చు. కొత్త మాటలను చివర మళ్లీ తిరగేస్తారు. వేగం కాస్త ఎక్కువే, 9కి నయం. ఒక చిన్న చిక్కు: ట్రాన్స్‌క్రిప్ట్ పైనే ‘ఇది అక్షరాలా ఉన్నది ఉన్నట్టు కాదు’ అని రాసి ఉంటుంది. ఖాళీలు పూరించమని ఇచ్చేటప్పుడు ఆ వాక్యాలను ఆడియోతో సరిచూసుకోకపోతే, సరిగ్గా విన్న పిల్లవాడికే తప్పు పడుతుంది. 8కి బ్రిటిష్ కౌన్సిల్ ‘లెర్న్ఇంగ్లిష్’ పాడ్‌కాస్ట్ చూడండి, ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటుంది. ఎపిసోడ్ మొత్తం పెట్టొద్దు, ఒక ముక్క చాలు.

మైకుసెట్టు:
వినిపించే పని గురించి. ఇంట్లో వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని, విని, *ఆ కాపీనే* బడిలో పెట్టండి. చాలా పాడ్‌కాస్ట్‌లలో ప్రకటనలు డౌన్‌లోడ్ చేసే సమయంలో అతుకుతారు. ఇవాళ 2:10 దగ్గర ఉన్న వాక్యం రేపటి కాపీలో 2:40కి జరగొచ్చు. మీరు నోట్సులో రాసుకున్న సమయాలన్నీ తారుమారు. పిల్లలకు తగని ప్రకటన పడే ప్రమాదం వేరే.

ఆండ్రాయిడ్‌లో యాంటెన్నాపాడ్ వాడండి. ఉచితం, యాప్‌కు సొంత ప్రకటనలు లేవు, ఆడియో ఫైలును బయటికి షేర్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. స్పాటిఫైలో డబ్బు కట్టకుండానే పాడ్‌కాస్ట్ డౌన్‌లోడ్ అవుతుంది కానీ ఫైలు ఆ యాప్ దాటి రాదు. చోటు పెద్దగా పట్టదు: 128 కేబీపీఎస్ అయితే నిమిషానికి దాదాపు 1 ఎంబీ.

వేగం 0.8కి తగ్గించుకోవచ్చు. 0.75 కిందికి వెళ్తే గొంతు సాగి, మాట విడివిడిగా వినపడాల్సింది పోయి ఇంకా ముద్దవుతుంది.

42 మందికి ఫోన్ స్పీకర్ చాలదు. బ్లూటూత్ స్పీకర్‌ను గది మూలన పెట్టకండి, మూలలో బేస్ పెరిగి హల్లులు వినపడకుండా పోతాయి. మధ్య వరుస పక్కన, కూర్చున్న పిల్లల తల కంటే ఎత్తులో ఉండాలి. ఫ్యాన్ ఒక పాయింటు తగ్గించండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. లేకపోతే మధ్యలో మీ రింగ్‌టోన్ కూడా పాఠంలో భాగమైపోతుంది.

జీవశాస్త్రం_మేడం:
సైన్స్ విషయాలైతే ఎపిసోడ్ తేదీ చూడకుండా పెట్టకండి. శనిగ్రహానికి ఉపగ్రహాలెన్ని? 2019 చివరి ఎపిసోడ్‌లో 82 అంటారు, 2023లో 146, 2025 మార్చి తర్వాత 274. మూడూ వాటి కాలానికి సరైనవే. పాఠ్యపుస్తకంలో అంకె ఇంకోటి ఉందనుకోండి, పిల్లలు మిమ్మల్నే పట్టుకుంటారు. (తేడాను దాచకుండా అదే చర్చకు పెడితే ఇంకా మంచిది.) ‘ఎక్స్‌ప్లిసిట్’ (పిల్లలకు తగని మాటలున్నాయనే) గుర్తు లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఆ గుర్తును సాధారణంగా తయారీదారులే పెట్టుకుంటారు.

జెడ్పీ_ఇంగ్లిష్:
అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. పదో తరగతి పరీక్షలో వినే భాగం లేదు కదా, ఈ పీరియడ్ దేనికని హెచ్‌ఎం గారు అడిగితే?

పాతరేడియో:
ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలోనే చేసే మూల్యాంకనం) ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది, అందులో కలపండి. నలుగురికో ఎపిసోడ్ ఇచ్చి, విన్నది తమ మాటల్లో 10 వాక్యాలు రాయమనండి. ట్రాన్స్‌క్రిప్ట్ దించేస్తారన్న భయం ఉంటే మూడు వాక్యాలు మౌఖికంగా అడగండి, దొరికిపోతారు. ఇంటికి మాత్రం ఇవ్వకండి. ఫోన్ నాన్న జేబులో ఉంటుంది, ఆయన వచ్చేసరికి రాత్రవుతుంది.

ఇంకో మాట. ఆకాశవాణిలో ప్రాథమిక పాఠశాలలకు ‘విందాం నేర్చుకుందాం’ వచ్చేది, గుర్తుందా? బడి కోసం చేసే రేడియో పాఠంలో పిల్లలు జవాబు చెప్పడానికి ఖాళీ వదులుతారు. పాడ్‌కాస్ట్ ఒంటరిగా వినేవాడి కోసం చేసింది, ఎక్కడా ఆగదు. కాబట్టి ఎక్కడ ఆపాలో ముందే మీరు గుర్తుపెట్టుకోవాలి. 6 నిమిషాలకు మూడు చోట్లు చాలు. ఆపిన ప్రతిసారీ ఒకే ప్రశ్న: ఇప్పుడు ఏం చెప్పబోతున్నారు?

టీచర్ల కోసమైతే బీబీసీ రేడియో 4 ‘ఇన్ అవర్ టైమ్’. 1998 నుంచి వెయ్యికి పైగా ఎపిసోడ్లు, ఒక్కోదానిలో ఒకే అంశం మీద ముగ్గురు ఆచార్యులు. కిరణజన్య సంయోగక్రియ మీద ఉంది, అశోకుడి మీద ఉంది. ముప్పావు గంట, బస్సు ప్రయాణానికి సరిపోతుంది. తరగతిలో మాత్రం పెట్టకండి, ఐదో నిమిషానికి సగం మంది నిద్రపోతారు.