చోక్ తీస్తే ఆగిపోతున్న బోటు మోటార్, ఏం చేయాలి?

సోమశిల దగ్గర కృష్ణలో తిప్పే మా చిన్న పడవకు 9.9 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ మోటార్ ఉంది, కార్బురేటర్ రకం. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక పక్కన పెట్టేశాం. ఇప్పుడు తాడు లాగితే స్టార్ట్ అవుతోంది కానీ చోక్ (స్టార్టింగ్‌లో గాలి తగ్గించే మీట) లోపలికి నొక్కి తీసేయగానే దగ్గి ఆగిపోతోంది. సగం లాగి ఉంచితే మాత్రం నడుస్తోంది. ప్లగ్‌లు, పెట్రోల్ మార్చాం. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ధార వెనక బాగానే పడుతోంది, కాబట్టి ఇంపెల్లర్ (ఆ నీళ్లు తోడే చక్రం) మీద అనుమానం లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి నిలవుండి జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న భాగం) మూసుకుపోయిందేమో.

ఊళ్లో బైక్ మెకానిక్ పెట్రోల్‌లో ఆయిల్ కలపమంటున్నాడు. అది టూస్ట్రోక్ సంగతి, దీనికి ఆయిల్ విడిగా ఉంటుంది కదా!

కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొడితే సరిపోతుందా, జెట్ విప్పి కడగాల్సిందేనా? విప్పితే గ్యాస్కెట్ హైదరాబాద్‌లో దొరుకుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.